చెంబు మీద మెరిసే చుక్క: బుయ్ తువాంగ్ ఫాంగ్ కథ

మన కాలేజీలో ఫాంగ్ అనే మాట వినగానే సగం మందికి గుర్తొచ్చేది ప్లేస్‌మెంట్లు. అయిదు పెద్ద కంపెనీల పేర్లలోంచి తలా ఒక అక్షరం తీసి కట్టిన మాట అది. ఈ వ్యాసం ఆ ఫాంగ్ గురించి కాదు మామా. కంప్యూటర్ గ్రాఫిక్స్ ల్యాబ్ రికార్డులో ఒక గోళం బొమ్మ గీసి, దాని నెత్తిన తెల్లటి చుక్క పెట్టి, కింద ఫాంగ్ షేడింగ్ అని రాసి సంతకం పెట్టించుకుంటాం చూడండి, ఆ ఫాంగ్ గురించి. అది కంపెనీ పేరు కాదు, పొట్టి అక్షరాల మాటా కాదు. అదొక మనిషి పేరు. ముప్ఫై మూడేళ్ళు నిండకుండానే పోయిన ఒక వియత్నాం కుర్రాడి పేరు.

పూర్తి పేరు బుయ్ తువాంగ్ ఫాంగ్. 1942 డిసెంబర్ 14న హనోయిలో పుట్టాడు. అప్పటికి వియత్నాం ఫ్రెంచివాళ్ళ పాలనలో ఉంది, పైన జపాన్ సైన్యం కూడా దిగి కూర్చుంది. ఫాంగ్ కి ఊహ తెలిసే వయసంతా యుద్ధమే. హనోయిలో ఫ్రెంచి బడి లిసే ఆల్బెర్ సారోలో చదివాడు. 1954లో జెనీవా ఒప్పందంతో దేశం పదిహేడో అక్షాంశ రేఖ దగ్గర రెండు ముక్కలైంది. ఉత్తరం నుంచి లక్షల మంది మూటా ముల్లే సర్దుకుని దక్షిణానికి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఫాంగ్ కుటుంబం కూడా ఉంది. పదకొండేళ్ళ పిల్లాడు సైగాన్ లో మళ్ళీ కొత్త బడిలో చేరాడు, లిసే జాన్ జాక్ రూసోలో. దేశం మారినా చదువు మాత్రం ఫ్రెంచిలోనే సాగింది. అదే తర్వాత అతనికి దారి చూపించింది.

1964లో ఫ్రాన్స్ వెళ్ళాడు. గ్రెనోబుల్ లో చదివి 1966లో డిగ్రీ, తూలూజ్ లోని ఇంజనీరింగ్ స్కూల్లో 1968లో ఇంజనీర్ పట్టా తీసుకున్నాడు. అదే ఏడు ఇరియా అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో చేరాడు. కంప్యూటర్ సైన్సు, ఆటోమేషన్ల కోసం ఫ్రాన్స్ ప్రభుత్వం అంతకు ముందు ఏడే పెట్టిన సంస్థ అది. అక్కడ అతని పని ఆపరేటింగ్ సిస్టమ్స్ మీద. గమనించండి, ఇరవై ఆరేళ్ళు వచ్చేదాకా గ్రాఫిక్స్ అతని దారిలో ఎక్కడా లేదు. మనలో చాలామంది సెకండియర్ లోనే నా డొమైన్ ఇదీ అని లింక్డిన్ లో రాసేసుకుంటాం కదా, అందుకని చెప్తున్నా.

1971 సెప్టెంబర్ లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో రీసెర్చ్ అసిస్టెంట్ గా చేరాడు. అప్పట్లో ఆ డిపార్ట్‌మెంట్ ఎలాంటిదో కొంచెం చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. డేవిడ్ ఎవాన్స్ అనే ప్రొఫెసర్ సొంత ఊరు సాల్ట్ లేక్ సిటీకి తిరిగొచ్చి దాన్ని మొదలుపెట్టాడు. డబ్బు అమెరికా రక్షణ శాఖలోని ఆర్పా సంస్థది. 1968లో ఐవాన్ సదర్లాండ్ వచ్చి చేరాడు. స్కెచ్‌ప్యాడ్ చేసిన సదర్లాండే. ఆ రెండు మూడు గదుల్లో ఆ నాలుగైదేళ్ళలో తిరిగిన విద్యార్థుల పేర్లు చూడండి: తర్వాత అడోబీ పెట్టిన జాన్ వార్నాక్, పిక్సార్ ని నడిపిన ఎడ్ క్యాట్మల్, సిలికాన్ గ్రాఫిక్స్, నెట్‌స్కేప్ పెట్టిన జిమ్ క్లార్క్. క్యాట్మల్ 1972లో తన ఎడమ చేతికి పోత పోయించి, దాని మీద గీతలు గీసి, కొలతలు తీసి కంప్యూటర్ లో కదిలించాడు. అదే ఏడాది సదర్లాండ్ క్లాసులో విద్యార్థులు ఆయన భార్య మార్షా కారుని, ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ని, బయట నిలబెట్టి ఒంటి నిండా గీతలు గీసి, కొలబద్దలు పట్టుకుని చుక్క చుక్కా కొలిచారు. ఇప్పుడు ఫోన్ తిప్పితే త్రీడీ స్కాన్ అయిపోతోంది గానీ, అప్పుడు ప్రతి శీర్షం వెనకా ఒకడు వంగి నిలబడి అంకె చదివాడు, ఇంకొకడు రాసుకున్నాడు.

ఆ కారుని నిజం కారులా కనిపించేలా బొమ్మ చేసినవాళ్ళలో రాబర్ట్ మెక్‌డెర్మాట్, జిమ్ క్లార్క్, రాఫెల్ రోమ్ లతో పాటు ఫాంగ్ కూడా ఉన్నాడు.

ఇప్పుడు అసలు సమస్యకి వద్దాం. కంప్యూటర్ లో వంపు తిరిగిన వస్తువుని చిన్న చిన్న బల్లపరుపు ముక్కలతో అతుకుతాం. ఒక్కో ముక్కకి ఒకే రంగు వేస్తే గోళం కాస్తా పలకలు చెక్కిన రాయిలా ఉంటుంది. ఫాంగ్ రాకముందే, 1971లో, అదే యూటాలో హెన్రీ గూరో అనే ఫ్రెంచి విద్యార్థి ఒక మంచి ఉపాయం కనిపెట్టాడు. ముక్క మూలల దగ్గర మాత్రమే వెలుగు లెక్కకట్టి, మధ్యలో రంగుని మెల్లగా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జార్చడం. గోళం నున్నగా అయింది. కానీ రెండు లోపాలు మిగిలాయి. మొదటిది మన కంటి లోపమే. వెలుగు మారే తీరులో ఎక్కడైనా మలుపు వస్తే, కన్ను దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. ముక్కలు కలిసే చోట లేని చారలు కనిపిస్తాయి. వీటిని మాక్ పట్టీలు అంటారు. రెండోది ఇంకా ఇబ్బంది. మెరుపు చుక్క సరిగ్గా ఒక ముక్క మధ్యలో పడిందనుకోండి, మూలల దగ్గర మాత్రమే లెక్కకట్టేవాడికి ఆ చుక్క ఉన్నట్టే తెలీదు. వస్తువు తిరుగుతుంటే మెరుపు ఒకసారి వెలుగుతుంది, ఒకసారి మాయమవుతుంది. సంక్రాంతికి పెట్టిన సీరియల్ సెట్టులా మినుకుమినుకుమంటుంది.

ఫాంగ్ చేసిన మార్పు వినడానికి చాలా చిన్నది. రంగుని జార్చడం మానేసి దిక్కుని జార్చాడు. ఉపరితలం ఏ చోట ఎటు చూస్తోందో చెప్పే బాణాన్ని నార్మల్ అంటాం కదా, మూలల దగ్గరి నార్మల్స్ ని ముక్క అంతటా మెల్లగా తిప్పుకుంటూ వెళ్ళి, ప్రతి పిక్సెల్ దగ్గరా వెలుగు లెక్క కొత్తగా కట్టాడు. ముక్క బల్లపరుపుగానే ఉంటుంది, కానీ నేను వంపుగా ఉన్నాను అని వెలుగుకి అబద్ధం చెబుతుంది. వెలుగు నమ్మేస్తుంది. మెరుపు చుక్క ఎక్కడ పడాలో అక్కడే, ముక్క మధ్యలో అయినా సరే, పడుతుంది.

రెండో మార్పు వెలుగు లెక్కలోనే. వస్తువు మీద పడ్డ వెలుగుని మూడు వాటాలు చేశాడు. గదంతా పరుచుకున్న మసక వెలుగు ఒకటి. దీపం ఎటుంటే అటు తిరిగిన భాగం ఎక్కువ వెలగడం రెండోది. ఇక మూడోది మెరుపు. అద్దంలోంచి వెలుగు ఏ దిక్కుకి తిరిగి పోతుందో ఆ దిక్కుకి, చూసే కంటికి మధ్య కోణం తీసుకుని, దాని కొసైన్ ని ఒక ఘాతానికి ఎత్తడం. ఆ ఘాతం చిన్నదైతే మెరుపు వెడల్పుగా, మందంగా పరుచుకుంటుంది. పెద్దదైతే సూదిమొన లాంటి చుక్క అవుతుంది. అటక మీంచి దించిన ఇత్తడి చెంబుని చూడండి. దుమ్ము తుడిస్తే ఏదో మెరిసీ మెరవనట్టు ఉంటుంది. అమ్మమ్మ దాన్ని చింతపండుతో తోమి నీళ్ళు పోసి ఎండలో పెడితే అదే ఎండ ఒక్క చుక్కగా కుదించుకుని కళ్ళల్లో గుచ్చుకుంటుంది. చెంబు మారలేదు, ఎండ మారలేదు. ఘాతం ఏ అయిదో ఉన్నది ఏ వందో అయింది, అంతే. షేడర్ కోడులో షైనీనెస్ అని మనం పెట్టే అంకె ఈ చింతపండే.

ఇందులో నాకు నచ్చేది ఫాంగ్ నిజాయితీ. కొసైన్ ని ఘాతానికి ఎత్తడం ఏ భౌతికశాస్త్ర సూత్రంలోంచీ రాలేదు. వస్తువుల్ని చూసి, మెరుపు ఎలా పడుతోంది, ఎలా సన్నగిల్లుతోంది అని గమనించి, దానికి సరిపోయే సులువైన లెక్క ఏదో అది పట్టుకున్నాడు. వస్తువుని ఉన్నది ఉన్నట్టు చూపిస్తానని ఎక్కడా గొప్పలు పోలేదు. నిజానికి దగ్గరగా, చూసేవాడికి చాలినంతగా ఉంటే చాలునని తన పేపర్ లోనే ఒప్పుకున్నాడు. పైగా కోరి తెచ్చుకున్న కష్టం ఇంకోటి: ప్రతి పిక్సెల్ దగ్గరా నార్మల్ పొడవుని మళ్ళీ ఒకటికి తేవాలి. అంటే ప్రతిసారీ ఒక వర్గమూలం, ఒక భాగహారం. ఆనాటి మెషీన్లకి ఇది మామూలు భారం కాదు. బొమ్మని మొత్తంగా దాచుకునే మెమరీ కూడా దొరకడం కష్టమైన రోజులు. తెర మీద ఒక్కో గీత వెలుగుతుంటే, ఎదురుగా కెమెరా కన్ను తెరిచి ఉంచి ఫిల్ము మీద బొమ్మ పట్టేవారు. ఆ రోజుల్లో ఇంత ఖరీదైన లెక్క ప్రతిపాదించడమంటే, ఎప్పటికో వచ్చే మెషీను కోసం కోడు రాసిపెట్టడమే.

1973లో పీహెచ్‌డీ అయింది. యూటాకి వచ్చి రెండేళ్ళు కూడా నిండలేదు! తర్వాత స్టాన్‌ఫర్డ్ కి వెళ్ళాడు. థీసిస్ సారాన్ని ఏడు పేజీల పేపర్ గా రాశాడు. అది ఏసీఎమ్ వాళ్ళ పత్రిక కమ్యూనికేషన్స్ లో 1975 జూన్ సంచికలో వచ్చింది. మొదటి పేజీలో అతని చిరునామా స్టాన్‌ఫర్డ్ దే.

ఆ ఏడాది క్యాలెండర్ ఒక్కసారి చూడండి. ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయింది. పదకొండేళ్ళప్పుడు పాత ఊరు వదిలి ఏ ఊరికి వచ్చాడో ఆ ఊరికి ఇక పేరు కూడా మిగల్లేదు, హో చి మిన్ సిటీ అయింది. జూన్ లో పేపర్ అచ్చయింది. అదే ఏడు ఫాంగ్ జబ్బుతో చనిపోయాడు. తన పేరు ఒక మామూలు నామవాచకం అయిపోతుందని, ఎక్కడెక్కడి ఇంజనీరింగ్ కాలేజీల్లోనో పిల్లలు దాన్ని వైవాకి ముందు రాత్రి బట్టీ పడతారని తెలుసుకునే సమయం అతనికి దొరకలేదు.

పేరు అన్నాను కాబట్టి ఒక సంగతి. బుయ్ అన్నది ఇంటిపేరు. ఫాంగ్ అన్నది పెట్టిన పేరు. వియత్నాం వాళ్ళూ మనలాగే ఇంటిపేరు ముందు పెట్టుకుంటారు. అమెరికా పద్ధతిలో చివర ఉన్నదే ఇంటిపేరు అనుకుని దాన్ని ఫాంగ్ షేడింగ్ అన్నారు. పుస్తకాల వెనక జాబితాల్లో ఒకచోట బుయ్ కింద, ఒకచోట ఫాంగ్ కింద, ఇంకోచోట మధ్యలో గీత పెట్టి బుయ్-తువాంగ్ కింద కనిపిస్తాడు. ఒకే మనిషి మూడు చోట్ల. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, పేరు ఇంకో గడిలో అటూ ఇటూ అయ్యి అమెరికా వెళ్ళాక సొంత పేరుతో ఎవరూ పిలవని మన తెలుగు అన్నయ్యలకీ అక్కలకీ ఈ బాధ బాగా తెలుసు. అయితే ఇందులో ఒక తమాషా ఉంది. వియత్నాంలో ఎంత పెద్దమనిషినైనా పెట్టిన పేరుతోనే పిలుస్తారు. కాబట్టి పొరపాటున అన్నా సరే, లోకం అతన్ని వాళ్ళ ఊళ్ళో పిలిచే పేరుతోనే పిలుస్తోంది. గూరో షేడింగ్ అంటే ఇంటిపేరు, ఫాంగ్ షేడింగ్ అంటే ముద్దుగా పిలిచినట్టు.

తర్వాత కథ త్వరగా చెప్పేస్తాను. 1977లో జిమ్ బ్లిన్ లెక్కని కొంచెం మార్చాడు. తిరిగిపోయే వెలుగు దిక్కు బదులు, దీపానికీ కంటికీ సరిగ్గా మధ్య దిక్కు తీసుకున్నాడు. మనం ఓపెన్‌జీఎల్ ల్యాబ్ లో వాడేది ఎక్కువగా ఆ బ్లిన్-ఫాంగే. 1980లో టర్నర్ విటెడ్ రే ట్రేసింగ్ పేపర్ లో కూడా ఫాంగ్ లెక్క పునాదిగా ఉంది. ఇక ప్రతి పిక్సెల్ దగ్గరా నార్మల్ తిప్పడం మాత్రం ఇళ్ళలో కంప్యూటర్లకి చాలా ఆలస్యంగా అందింది. 1992లో వచ్చిన ఓపెన్‌జీఎల్ కూడా వెలుగు లెక్క మూలల దగ్గరే కట్టి మధ్యలో గూరో పద్ధతిలో జార్చేది. 2001 ప్రాంతంలో షేడర్లు రాసుకోగల గ్రాఫిక్స్ కార్డులు వచ్చాకే అది మామూలు విషయమైంది. థీసిస్ కీ దీనికీ మధ్య ఇరవై ఎనిమిదేళ్ళు. అతను బతికిన కాలానికి ఓ నాలుగైదేళ్ళే తక్కువ.

ఇప్పుడు మన సంగతి. సిగ్రాఫ్ అనేది గ్రాఫిక్స్ లోకానికి పెద్ద తిరునాళ్ళ. మొదటిది 1974లో కొలరాడోలోని బౌల్డర్ లో జరిగింది, ఓ ఆరు వందల మంది వచ్చారు. 2008 నుంచి ఆసియాలో కూడా విడిగా జరుగుతోంది, మొదటిసారి సింగపూర్ లో. అక్కడ పేపర్లే కాదు, కోర్సులు కూడా ఉంటాయి. కోర్సు అంటే ఒక విషయం మీద తెలిసినవాళ్ళు గంటన్నరో, ఒక పూటో కూర్చోబెట్టి పాఠం చెప్పడం. దానికి ముందు ప్రపోజల్ పంపాలి. ఏం చెప్తారు, ఎవరికి చెప్తారు, ఎన్ని నిమిషాలు దేనికి, చెప్పేవాళ్ళెవరు, వినేవాళ్ళకి ముందుగా ఏం తెలిసి ఉండాలి, చేతికి ఏ నోట్సు ఇస్తారు. ఒకప్పుడు ఆ నోట్సు లావుపాటి పుస్తకాలుగా ఇచ్చేవారు, తర్వాత సీడీలయ్యాయి, ఇప్పుడు ఏసీఎమ్ డిజిటల్ లైబ్రరీలో ఉంటాయి. మన డిపార్ట్‌మెంట్ గ్రాఫిక్స్ బ్యాచ్ వాళ్ళు ఇలాంటిదొకటి సరదాగా తయారుచేస్తూ, జీవితం భాగం నన్ను రాయమన్నారు. అందుకే ఈ వ్యాసం.

పాత కోర్సుల నోట్సు తిరగేస్తే ఒకటి కనిపించింది. ఫాంగ్ పేరు పాఠంలో కన్నా ముందుగా తెలిసి ఉండాల్సిన వాటిలో ఎక్కువ. అంటే అది వచ్చని అనుకునే గురువుగారు గదిలోకి అడుగుపెడతారన్నమాట. 2010లో మొదలై దాదాపు ఏటేటా జరిగిన ఫిజికల్లీ బేస్డ్ షేడింగ్ కోర్సులయితే మరీను. 2012లో డిస్నీ వాళ్ళ పద్ధతి బ్రెంట్ బర్లీ చెప్పింది ఆ వరసలోనే. వాటి గోల ఒక్కటే: ఫాంగ్ లెక్కలో పడిన వెలుగు కన్నా తిరిగొచ్చే వెలుగు ఎక్కువ కావచ్చు, శక్తి నిలబడదు, ఇక దీన్ని వదిలేసి నిజమైన పదార్థాల కొలతలతో మొదలుపెడదాం. మాట నిజమే. సినిమాలు, ఆటలు అటే వెళ్ళిపోయాయి. కానీ ఆ విమర్శలో నాకు చిన్న అన్యాయం కనిపిస్తుంది. తనది నిజం కాదు, నిజానికి చాలినంత దగ్గర అని ముందే చెప్పినవాడిని నువ్వు చెప్పింది నిజం కాదు అని పట్టుకోవడం ఏమిటి? కొత్త మోడల్స్ లో గరుకుదనం అనే అంకె ఉంటుంది, అది ఫాంగ్ ఘాతానికి మారువేషమే. నునుపు ఎంత అని అడగడం పోయి గరుకు ఎంత అని అడుగుతున్నారు.

మా డ్రాఫ్టులో కోర్సు గంటన్నర. మొదటి పావుగంటలో గూరో పద్ధతి, దాని చారలు, మాయమయ్యే మెరుపు. తర్వాత అరగంట నార్మల్స్ తిప్పడం, మూడు వాటాల లెక్క. ఆ తర్వాత బ్లిన్ మార్పు, శక్తి గొడవ, కొత్త మోడల్స్. ఫాంగ్ జీవితానికి వాళ్ళు చివర్లో అయిదు నిమిషాలు పెట్టారు. నేను దాన్ని మధ్యకి జరపమన్నాను, 1973 దగ్గరికి. చివర్లో పెడితే జనం అప్పటికే బ్యాగులు సర్దుకుంటూ ఉంటారు. ఇంకో తగువు కూడా తేలలేదు. ముందుగా తెలిసి ఉండాల్సినవి అన్న గడిలో వెక్టర్లు, కొసైన్ అని మాత్రమే రాసి, ఫాంగ్ ని అక్కణ్ణించి తీసేద్దామని ఒక వర్గం. సిగ్రాఫ్ కి వచ్చేవాళ్ళకి ఫాంగ్ కొత్తగా చెప్పేదేంటి, కమిటీ చూడగానే పక్కన పడేస్తుందని ఇంకో వర్గం. నేను మొదటి వర్గంలో ఉన్నాను. వచ్చేవాళ్ళకి ఆ లెక్క వచ్చు, మనిషి తెలీదు.

డెమో రాసేవాళ్ళు ఇంకా ఇద్దరు కావాలి. మోడల్ గా అందరూ వాడే టీపాట్ వద్దనుకున్నాం, చెంబు పెడుతున్నాం. స్లైడర్ ని ఒక చివర నుంచి ఇంకో చివరకి జరిపితే అటక మీది చెంబు కాస్తా తోమిన చెంబు కావాలి. ఇప్పటికైతే మూతి దగ్గర నార్మల్స్ తిరగబడి అక్కడ మాత్రం నల్లగా వస్తోంది.